అమ్మ తుడిచిన పెట్రోమాక్స్ లైటు

ఇవాళ ఇక్కడ గల్ఫ్‌లో, అల్ హిలాల్ పేటలో ఒక హోటల్లో పెట్రోమాక్స్ లైటు చూశాను. లోపల కరెంటు బల్బు, పాపం. గుర్తుందా, ఒకసారి వెలిగాక దాని మేంటిల్, అదే ఆ వెలిగే చిన్న గుడ్డ సంచి, బూడిద వలలా మిగిలేది, వేలు తగిలితే రాలిపోయేది.

తొంభైల్లో ఇక్కడికి దగ్గర్లోనే, మెసయీద్‌లో నాన్న కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. గోదావరి జిల్లాలో పెరిగిన నాన్నకి ఆ లైటు ముందు నడవకపోతే క్రిస్మస్ క్యారల్స్ క్యారల్సే కావు. పాతదొకటి కొని, బాగుచేసి, వెలిగించి చూసుకుని డ్యూటీకి వెళ్ళారు. అమ్మ దాని ఇత్తడి ట్యాంకుని చింతపండుతో తోమి, అదే ఊపులో మేంటిల్‌ని కూడా గుడ్డతో తుడిచేసింది.

"మీ నాన్నకి ఏం చెప్పనే?" అంది, రాలిన పొడి చూస్తూ.

సాయంత్రం నాన్న వచ్చి, తళతళలాడే ట్యాంకుని చూసి, జేబులోంచి కొత్త మేంటిల్ తీశారు.

"నువ్వు తుడుస్తావని తెలుసులే."

పంపు కొట్టి వెలిగించగానే లైటు బుస్సుమంది. దానికంటే గట్టిగా అమ్మ ఊపిరి వినిపించింది.