అరిగిన టైరు

విజయకుమారి టీచరు ఇరవై ఏళ్లుగా మోవా నుంచి దేవేంద్ర నగర్ బడికి సైకిల్ మీదే వస్తోంది. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించి, ఎదురుగాలి వీస్తే గాలినే తిడుతూ తొక్కుతుంది. ఆ ఏడు సైన్సు పరీక్షలో లోలకం లెక్క వచ్చింది. గుండు మధ్య నుంచి అటు పది, ఇటు పది సెంటీమీటర్లు ఊగితే, ఒక పూర్తి ఊపులో ఎంత దూరం నడుస్తుంది? పిల్లలు నలభై అని రాశారు. దిద్దేవాళ్లకిచ్చిన జవాబుల కాగితంలో సున్నా అని ఉంది. ఆమె నలభైకే మార్కులు వేసింది.

"బయల్దేరిన చోటికే వచ్చేసింది కదమ్మా, జీరోయే. మార్కులు కొట్టేయండి, లేనిపోని ఝంఝట్, గొడవ వద్దు," అన్నాడు హెడ్మాస్టరు సూరిబాబు.

"చేరిన చోటు వేరు, నడిచిన దారి వేరు సార్. కొట్టేయను."

"కాగితం పైనుంచి వచ్చింది."

"పైనుంచి వచ్చినా తప్పు తప్పే."

మర్నాడు ఆమె ఇంట్లో మూలన పడున్న పాత సైకిల్ టైరును భుజాన వేసుకొచ్చింది. నున్నగా అరిగి దారాలు తేలిన ఆ టైరును ఆయన బల్ల మీద, సరిగ్గా జవాబుల కాగితం పైన పెట్టింది.

"రోజూ పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరి సాయంత్రానికి ఇంటికే చేరతాను. మీ లెక్కన నేను ఇరవై ఏళ్లుగా అంగుళం కదల్లేదు. మరి దీన్నెవరు అరగదీశారో ఆ కాగితంలో చూసి చెప్పండి."