నోళ్లు చూసిన మనిషి

పళ్ల డాక్టరు పన్ను తొలుస్తుంటే, రోగి నోట్లో ఊరే నీళ్లూ నెత్తురూ పీల్చే గొట్టం పట్టుకుని పక్కన నిలబడటం ఆమె పని. వయసంతా అక్కడే గడిచిపోయింది. చేతులకు తొడుగులుండేవి గానీ మనసుకు లేవు. పనిలో ఏనాడూ మొహం చిట్లించని మనిషికి, ఇంట్లో ఎవరైనా ఎదురుగా నములుతుంటే ముద్ద దిగేది కాదు. భర్త ఉన్నన్నాళ్లూ ఆయన తిన్నాక, వంటింట్లో గోడవైపు తిరిగి ఒక్కతే తినేది. ఆయన దాన్ని పతిభక్తి అనుకుని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆమె కాదనలేదు.

పని మానేశాక చెల్లెలి ఊరు చూడబోయింది. మరిది బస్సు డిపోలో టైర్ల మేస్త్రీ. మంచి తిండిపుష్టి, వెన్నలాంటి మనసు. తమ ఊరి రుచులన్నీ చూపించందే వదినగారిని కదలనిచ్చేది లేదన్నాడు. మర్నాడు సాయంత్రం అక్కాచెల్లెళ్లిద్దరినీ బయల్దేరదీశాడు.

మొదటి కొట్లో మసాలా కూరి వేయించిన పేగులు. మూకుడు అంచున నల్లటి జిడ్డు అట్టకట్టి ఉంది. పేగు చివర కట్టిన దారాన్ని మరిది పళ్లతో లాగి, పక్కకు ఉమ్మి, లొట్టలేశాడు. ఆమె ఒక ముక్క నమలకుండానే మింగేసింది. రెండో కొట్లో జాడీలో ఊరేసిన చేప. మూత తీయగానే, పుచ్చిన పన్ను తెరిచినప్పుడు వచ్చే కంపే గుప్పుమని కొట్టింది. చుట్టూ బల్లల దగ్గర అన్నీ తెరుచుకునే నోళ్లే. చిగుళ్లకు అంటుకున్న గుజ్జు, నాలుక మీద దొర్లే ముద్దలు. వద్దనుకున్నకొద్దీ కళ్లు అక్కడికే పోయేవి.

ఆఖరున ఎముకల పులుసు. ముగ్గురికీ కలిపి ఒకటే గిన్నె. మరిది ఒక ఎముకను నోట పెట్టి జుర్రున పీల్చాడు. మూలుగ రాలేదు. బల్లకేసి కొట్టి మళ్లీ పీల్చాడు. సగం వచ్చింది. ఆ ఎముకను ఎంతో ఆప్యాయంగా ఆమె పళ్లెంలో పెట్టాడు.

“అసలు రుచంతా ఇందులోనే వదినగారూ. సగం మీకోసమే ఉంచాను.”

ఎముక అంచున అతని ఉమ్మి తీగలా సాగి మెరుస్తోంది.

“మీ ప్రేమకేం లోటు లేదు మరిదిగారూ,” అందామె మెల్లగా. “కానీ ఇంకాసేపు మీరు తినడం చూస్తే ఇక్కడే కక్కేస్తాను.”

అతను మూతి తుడుచుకున్నాడు. గిన్నెలో కొవ్వు తెల్లగా పేరుకునేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఇంటికి వస్తూ అతను నాలుగడుగులు ముందే నడిచాడు. ఆమెకు జాలేసింది. వెగటు మాత్రం తగ్గలేదు.

పొద్దున్నే అతను డ్యూటీకి వెళ్లిపోయాడు. చెల్లెలు తిడుతుందనుకుంటే, కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. రాత్రి అందరూ పడుకున్నాక అతను అద్దం ముందు నిలబడి, నోరు మూసుకుని రొట్టె నమలడం నేర్చుకున్నాడట పాపం.

“ఆ మాట కొత్త కాపురంలోనే నేననాల్సింది అక్కా,” అంది. “ఆ చప్పుడుకి నాకూ ఒళ్లు జలదరిస్తుంది.”

సాయంత్రం అతను అరటిపళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తొక్క ఉంది కాబట్టి లోపల ఎవరి చెయ్యీ తగల్లేదని చెప్పి, ఆమె ఇబ్బంది పడకుండా వరండాలోకి వెళ్లిపోయాడు. ఆమె ఒక పండు వలిచి సగం తింది. ఇంతలో బయట అతను గొంతు సవరించుకుని, కాండ్రించి ఉమ్మేశాడు.

మిగతా సగం తొక్కలోనే చుట్టి పక్కన పెట్టేసింది.