బాకాలవాళ్లు వచ్చే రికార్డు

మైకుసెట్టాయన అంటే సినిమా పాటలేసేవాడేగా అని తీసిపారేస్తారు ఇప్పటివాళ్లు. వీళ్లకేం తెలుసు! డెబ్బైల్లో రాజోలు దగ్గర నేను వెళ్లిన ఒక పెళ్లిలో మైకాయన పాత జర్మనీ ఆర్కెస్ట్రా రికార్డు వేశాడు. అన్నీ వాయిద్యాలే, ఒక్క మాట లేదు.

పెళ్లికూతురి తండ్రి మండిపడ్డాడు. "మగపెళ్లివారి పడవ వచ్చేస్తంది. మంచి పాటెయ్యవయ్యా, పరువు పోద్ది!"

మైకాయన అలవాటుగా చూపుడువేలు పైకెత్తాడు. "ఉండండి బాబుగారూ, బాకాలోళ్లు వచ్చేస్తన్నారండీ!"

పడవ రేవుకి తగలడం, కొబ్బరిచెట్టుకు కట్టిన మైకులోంచి బాకాలు విరుచుకుపడడం ఒకేసారి! ఆ స్వాగతం తమకేననుకుని మగపెళ్లివారు పొంగిపోయారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది.

తండ్రి పరుగున వచ్చాడు. "అందరూ దిగేరు. ఇంక ఆపెయ్."

వేలు దిగలేదు. "ఫిడేళ్లోళ్లు ఇంకా రాలేదండీ."

"ఆయ్, అలాగా!" అని వియ్యంకుణ్ణి రేవులోనే వదిలేసి, తండ్రి ఫిడేళ్లవాళ్ల కోసం మైకుసెట్టు దగ్గరే చెవొగ్గి నిలబడిపోయాడు.