అన్న అరచేతిలో తిరిగిన ముల్లు

దయ్యాలని, గాలి సోకిందని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేవాణ్ణి. నేను చదివింది ఫిజిక్సు. ఇప్పుడు కూడా దీన్ని దయ్యం అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రెండువేల ఆరో, ఏడో. బెంగళూరులో పిహెచ్‌డి చేస్తున్నాను. నా పని ఒక నల్లటి స్ఫటికంతో. అభ్రకంలా పొరలు పొరలుగా ఊడొస్తుంది. టేపు అంటించి లాగి, మళ్ళీ లాగి పలచన చేయాలి. పొర పలచబడేకొద్దీ దాని అయస్కాంత గుణం మిగులుతుందా, పోతుందా అన్నదే ప్రశ్న. అసలు ఆ గుణం రావాలంటేనే గాలి నీళ్ళై కారేంత చలి కూడా చాలదు. మామూలు ఎండలో అది ఉత్త మట్టిపెళ్ళ.

ఆ వేసవిలో దిబ్బూరహళ్ళి దగ్గర మా ఊరికి వెళ్తూ, అన్నకు చూపిద్దామని కొన్ని పొరల్ని ఒక అట్టకు అతికించి తీసుకెళ్ళాను. ఒక చిన్న దిక్సూచి కూడా. అప్పటికి మల్బరీ తోట ఎండిపోతోంది. ఆకు లేకపోతే పట్టుపురుగుల్ని పారబోసుకోవాల్సిందే. వేసిన రెండు బోర్లూ వట్టివి. రెండూ టెంకాయ పట్టి చూసినవే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడుస్తారు, అది ఎక్కడ నిక్కి నిలబడితే అక్కడ నీళ్ళని మా వాళ్ళ నమ్మకం.

అన్న అట్టను టెంకాయలాగే అరచేతిలో పెట్టుకున్నాడు. "టెంకాయ కంటే నీ అయస్కాంతం మేలు గదరా, చూస్తాం పా" అన్నాడు. నేనూ సరదాగా దాని మీద దిక్సూచి పెట్టి నడవమన్నాను.

పాత బావి తూర్పు గట్టు మీద ముల్లు తిరిగింది. ఉత్తరం వదిలి అన్న గుండె వైపు నిలిచింది.

తాళాలు, సెల్లు, మొలతాడు బిళ్ళ అన్నీ తీయించాను. అయినా అంతే. అదే అట్ట నేను పట్టుకుంటే ఉత్తరం. అట్ట లేకుండా అన్న చేతిలో పెడితే ఉత్తరం. నాలుగడుగులు పక్కకు జరిగినా ఉత్తరమే.

"ఈడే ఉండాదంటావా నీళ్ళు?" అన్నాడు అన్న. మొహం వెలిగిపోతోంది.

ఈ పొరకు నీళ్ళ సంగతి తెలియదని, ఈ ఎండలో ముల్లును తిప్పే శక్తే దీనికి లేదని చెప్పాలి. చెప్పలేదు. నాకు మళ్ళీ చూడాలనిపించింది. "ఇంగోసారి నడువన్నా" అన్నాను. దాన్నే అన్న అవుననుకున్నాడు.

నాలుగో రోజు, బావి గోడలోంచి తూర్పు వైపుకు అడ్డబోరు వేయించాలని అన్న లోపలికి దిగి గోడ తవ్వుతుంటే, అది విరిగి మీద పడింది. మట్టి తీసేసరికి మధ్యాహ్నమైంది. అన్న దొరికింది ముల్లు తిరిగిన చోటికి సరిగ్గా కింద. నీళ్ళు చుక్క లేవు.

"నీ సదువును నమ్మినాడప్పా" అంది వదిన. ఆ ఒక్కసారే అంది.

ఆ అట్టను ల్యాబులో నెలల తరబడి కొలిచాను. చలిలో ఉండాల్సినట్టే ఉంది. గది వేడిలో ఏమీ లేదు. నేలలో ఇనుపరాయి ఉందేమో అన్నారు మా గైడు. ఉంటే నా చేతిలో ఎందుకు తిరగలేదని అడిగాను.

ముల్లు ఎందుకు తిరిగిందో నేనూ ఇప్పటికీ చెప్పలేను. నీళ్ళు కావన్నా అని ఒక్క మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? అడిగినవాడు జవాబు కోసం నా మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు.