నాయిన కాలు, నా బండి

ఎనభైల మొదట్లో అల్లం పంట కలిసొచ్చి మా ఇంటికి మోటారు సైకిలు కొనే యోగం పట్టింది. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్డులో రెండు పాత బండ్లు అమ్మకానికి ఉన్నాయి: ఒక రాజ్‌దూత్, ఒక బుల్లెట్.

నేను పొట్టివాణ్ని. రాజ్‌దూత్ ఎక్కితే రెండు పాదాలూ నేలకు నిండుగా ఆనాయి. హ్యాండిల్ చేతికి అందింది. నా కొలతలు తీసుకుని కుట్టించినట్టుంది. బుల్లెట్ మీద మాత్రం బొటనవేళ్లే నేలను తాకాయి, హ్యాండిల్ కోసం ముందుకు వంగాల్సొచ్చింది.

"నీకు గిదే సెట్టయితది," అంటూ మెకానిక్ రాజ్‌దూత్ సీటు మీద చరిచాడు. మా దగ్గర బండి కొనేటప్పుడు నడిపేవాణ్ని ఒక్కణ్నే కూర్చోబెట్టి చూడటం రివాజు. వెనక కూర్చునేవాళ్ల సంగతి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు, బుద్ధిలేనివాణ్ని.

మా నాయినది ఆరడుగుల ఎత్తు. కుడి మోకాలు వంగదు. ఆ కాలు బస్సు సీట్ల మధ్య పట్టదు. బజారుకు రావాలంటే ఎడ్లబండిలో బస్తాల పక్కన కాలు చాపుకుని రావాలి. అది ఆయనకు పెద్ద నామోషీ. ఆ రోజు బండి బేరం కోసమని అట్లాగే వచ్చాడు.

"జర నన్ను గూడ కూసోనియ్యిరి," అన్నాడు.

రాజ్‌దూత్ వెనక ఎక్కితే వంగని కాలు పక్కకు పొడుచుకొచ్చింది. బుల్లెట్ మీద అదే కాలు కిందికి సాగి కుదురుగా నిలిచింది. ఆయన ముఖంలో సంబరం చూసి నాకు సిగ్గేసింది.

"నీ కాళ్లు అందుతలెవ్ గదరా. రాజ్‌దూతే తీస్కో," అన్నాడు, బుల్లెట్ దిగకుండానే.

"నువ్వున్నవ్ గద నాయినా. నేను బ్రేకేస్త, నువ్వు కాలు పెట్టు."

బుల్లెట్టే కొన్నాం. మా ఊరికెళ్లే ఝరాసంగం దారిలో ఎక్కడ ఆపినా వెనక నుంచి ఆయన ఎడమ కాలు గుంజలా దిగేది. ఇంటికొచ్చి అమ్మ ముందు ఒకటే కోతలు: "వీడు నడుపుడే. ఆపేది నేను."

ఒకసారి ఆయనకు జ్వరమొస్తే ఒక్కణ్నే వెళ్లి చేను గట్టు దగ్గర బండితో సహా పడ్డాను. ఆ మర్నాడే బజారులో మూడు పొరల టైరు అట్టతో చెప్పులు కుట్టించుకున్నాను. అవి తొడుక్కుని బండెక్కితే పాదం మొత్తం నేలకు ఆనింది. ఎగిరి గంతేసినంత పనిచేసి ఇంటికొచ్చాను.

నాయిన మంచం మీద లేచి కూర్చున్నాడు. "నేను లేకుంటె ఎట్ల ఆపినవ్ రా?"

"పడ్డ నాయినా," అన్నాను. నిన్నటి సంగతే కదా, అబద్ధమేం కాదు.

ఆయన ముఖం విప్పారింది. "ఫికర్ చెయ్యకు. రేపు నేనొస్త."

ఆ చెప్పులు కొట్టంలో గడ్డి వెనక దాచాను. ఆయన నా వెనక కూర్చున్నన్నాళ్లూ పలచటి చెప్పులే తొడుక్కున్నాను.