నల్లగోడ మీద అద్దం

మా బడి నల్లగోడకు మిషనుతో తూట్లు పెట్టిన రోజు నేను పప్పు మాడగొట్టాను. పిల్లలు ఆ మాడు పప్పే తిన్నారు. అందరి కళ్లూ గోడకు బిగిస్తున్న ఆ పెద్ద అద్దం మీదే ఉన్నాయి.

మాది దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోయే దారిలో ఒక చిన్న ఊరు. బడి అంటే ఒకే గది, దాని ముందు వరండా, ఎదురుగా రేకుల కింద నా వంటపాక. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఆ గదిలోనే. చెప్పేది ఒక్క మేడమే. ఆమె పుట్టిల్లు ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి. ఉద్యోగం కోసం భద్రాచలంలో కిరాయికి ఉంటూ రోజూ స్కూటీ మీద వస్తుంది. పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండేది నేను.

మాకు చెక్క బోర్డు ఎప్పుడూ లేదు. తలుపుకు ఎదురుగా ఉన్న గోడను సిమెంటుతో నున్నగా చేసి నల్లగా చేసుకున్నాం, అదే బోర్డు. ఏటా బడి తెరిచే ముందు ఒకసారి, జెండా పండగల ముందు ఒకసారి దానికి దొండాకు పసరు, బొగ్గుపొడి కలిపి రుద్దుతారు, పలకకు రుద్దినట్టే. జూన్‌లో తల్లులు వచ్చి రుద్దుతారు, జెండా పండగలకు ఐదో తరగతి పిల్లలు రుద్దుతారు. దొండతీగ నా పాక కంచె మీదే ఉంది. బొగ్గు నా పొయ్యిలోది. ఆరిన తర్వాత ఆ గోడ మీద సుద్దముక్కతో రాస్తే అక్షరం ముత్యంలా కనపడేది.

నేను చదువుకున్నది కూడా ఆ గోడ మీదే, గరిటె చేత్తో పట్టుకొని. చిన్నప్పుడు మా ఇళ్లలో ఆడపిల్లలం తునికాకు కొయ్యడానికి పోయినవాళ్లమే గానీ బడికి పోయినవాళ్లం కాదు. నాకు యాభై దాటాక ఈ మేడం వచ్చింది. ఒకరోజు తలుపులోంచి తొంగిచూసి, "పెద్దమ్మా, ఇయ్యాల ఏం వండుతున్నవ్?" అని అడిగింది. "ఆకుకూర పప్పు" అన్నాను. గోడ కింది మూలన ఏదో రాసి, "నువ్వు చెప్పిందే రాసిన, చూడు" అంది. ఆ రోజు నుంచి రోజూ రాసేది. ఏం వండుతున్నానో నాకు ముందే తెలుసు కదా, ఏ గీత ఏ మాటదో పోల్చుకోవడం సులువైంది. గుడ్డు పెట్టే రోజు గుడ్డు, సాంబారు రోజు సాంబారు. అట్లా కూడబలుక్కుంటూ కూడబలుక్కుంటూ ఒకనాటికి భద్రాచలం బస్సు బోర్డు నేనే చదివి ఎక్కాను. కండక్టరు టికెట్ అడిగితే ఊరి పేరు అవసరమైనదానికన్నా గట్టిగా చెప్పాను.

అద్దం వచ్చినప్పుడు నేనేమీ ఏడవలేదు. అందరితోపాటు సంబరపడ్డాను. కొబ్బరికాయ తెచ్చి కొట్టింది కూడా నేనే. టీవీలా బొమ్మలు వస్తాయట, వేలితో తాకితే తిరుగుతాయట, పట్నం బడుల్లో ఉన్నదే మా పిల్లలకూ వచ్చిందట. సంతోషం కాదా? కానీ వ్యానులో వచ్చిన మనిషి మిషను తీసుకుపోయి నల్లగోడ నడుమ ఆనించేసరికి నా చెయ్యి ఆగిపోయింది. పప్పు మాడింది అప్పుడే.

మేడం అడ్డం పోయింది. "అన్నా, అది మేం రాసుకునే గోడ. పక్కగోడకు పెట్టరాదు?"

"పైకి పంపే ఫోటోల గిట్లనే ఉండాలె మేడం. పిల్లలకు ఎదురుంగ, నడిమిట్ల. పక్కకు పెడితే మా సారు ఒప్పుకోడు."

"మరి రాసుడెట్ల?"

"ఇగ గిదే మీ బోర్డు. దీని మీదనే రాయొచ్చు. ఏలుతోటి రాసినా పడతది." పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "ఈ రూంల సుద్దముక్క బంద్ చెయ్యిండ్రి. ఆ దుమ్ము లోపలికి పోయిందంటే వారంటీ రాదు. మళ్లీ మీ మీదికే వస్తది."

మీ మీదికే వస్తది అన్న ఆ ఒక్క మాటకు మేడం భయపడింది. సుద్దముక్కల డబ్బా తీసి అలమరలో పెట్టి తాళం వేసింది. అద్దం చుట్టూ ఇంకా జానెడు జానెడు నల్లగోడ మిగిలే ఉంది. దాని మీద కూడా రాయలేదు.

వానాకాలం వచ్చింది. మా వైపు గాలి కొడితే ఏదో ఒక చెట్టు కరెంటు తీగల మీద పడుతుంది. పడిందంటే లైన్‌మన్ వచ్చిందాకా చీకటే. అట్లాంటి రోజుల్లో పిల్లలు ఆ నల్లటి అద్దం ముందు కూర్చొని తమ మొహాలు చూసుకొని నాలుకలు బయటపెట్టుకొని నవ్వుకునేవాళ్లు. కరెంటు ఉన్న రోజు మాత్రం బాగుండేది. నిజం చెప్పాలి. సముద్రంలో తిమింగలం నీళ్లు చిమ్ముతుంటే నేనూ తలుపు దగ్గర నిలబడి నోరు తెరిచాను. కానీ ఐదు తరగతులకు ఒక్క మేడం ఏం చేస్తుంది? ఒకటో తరగతి చిన్నపిల్లలకు అక్షరాల పాట పెట్టి, తను పెద్దవాళ్ల వైపు తిరిగేది. పాట అయిపోతే మళ్లీ పెట్టేది.

ఆ చిన్నపిల్లల్లో నా మనవరాలు ఉంది. నా కొడుకు బిడ్డ. కొడుకూ కోడలూ పత్తి ఏరడానికి, ఆ తర్వాత మిర్చి ఏరడానికి వలస పోతే అది నా దగ్గర ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ పాట మొత్తం పాడేది, చేతులు తిప్పుతూ, నడుం ఊపుతూ. పక్కింటి వదిన మురిసిపోయేది. "నీ మనవరాలు కలెక్టరైతది పో వదినా! అప్పుడు మమ్మల్ని గుర్తుపడతదో లేదో."

దసరా దాటిన తర్వాత ఒక సాయంత్రం వాకిట్లో కూర్చొని ముగ్గుపిండితో నేల మీద అ రాశాను. ఊరికే, ముచ్చటకు.

"ఇదేందే?"

అది చూసింది. "ఏమో."

"అగో! ఇప్పటిదాకా పాడినవ్ గదనే."

"పాటల అది ఎగురుతది నాయనమ్మా. ఎగిరొచ్చి అమ్మ పక్కన కూసుంటది. ఇది ఎగురుతలేదు."

దాన్ని చెరిపి ఆ రాశాను. ఇ రాశాను. ఉ రాశాను. ఒక్కటీ తెలియదు. పాట మాత్రం మొదటి నుంచి చివరిదాకా వచ్చు. ముసలిదాన్ని, పొయ్యి దగ్గర నిలబడి, పొగలో కళ్లు తుడుచుకుంటూ నేను నేర్చుకోగలిగింది, గదిలో ముందు వరసలో కూర్చున్న పిల్లకు రాకుండా పోయింది. దాని చేతిలో బలపం పట్టి దిద్దించినవాళ్లు లేరు. పెద్దక్షరం రాసి, చెరిపి, మళ్లీ రమ్మని రాయించిన గోడ లేదు.

తెల్లారి మేడంతో అన్నాను. ఆమె తల వంచుకుంది. "నాకు తెలుసు పెద్దమ్మా. రాస్తే నా మీదికి వస్తది. రోజూ ఇది నడుస్తున్నట్టు ఫోటో పంపాలె." నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. నాకు అక్షరం పెట్టిన మనిషి. అయినా వచ్చింది. ఇంట్లో నేనే దిద్దిస్తానని మనవరాలిని కూర్చోబెడితే, పొలం పని, వంట పని అయ్యేసరికి నా కళ్లే మూతపడేవి.

ఆగస్టు జెండా పండగకు వాగులు పొంగి బడే నడవలేదు, బోర్డు రుద్దే పని తప్పిపోయింది. జనవరిలో మళ్లీ జెండా పండగ దగ్గరపడింది. పండగ ముందు ఒక పెద్ద సారు మా బడికి వచ్చి అద్దం మీద పాఠం ఎట్లా నడుస్తుందో చూస్తాడని కబురు వచ్చింది. ఆయన వచ్చే ముందు రోజు మేడం మీటింగుకు పోయింది. నేను గిన్నెలు కడుక్కొని ఇంటికి పోయాక ఐదో తరగతి పిల్లలు ఎప్పటిలాగే దొండాకు కోసుకున్నారు, బొగ్గు నూరుకున్నారు. జెండా పండగకు బోర్డు నల్లగా చెయ్యడం వాళ్ల పని. బోర్డు ఏది? ఇన్ని నెలలుగా పెద్దవాళ్లందరూ బోర్డు బోర్డు అంటున్నది దాన్నే. దానికే రుద్దారు. అంచులు కూడా వదలకుండా, శ్రద్ధగా రుద్దారు.

మర్నాడు సారు వచ్చాడు, వెంట ఇంకో ఇద్దరు. మేడం కూడా వాళ్లతోనే లోపలికి అడుగుపెట్టింది. సారు అద్దం మీద వేలు పెట్టి గీశాడు. ఏమీ రాలేదు. వేలు చూసుకున్నాడు, నల్లగా, పచ్చగా ఉంది. వాసన చూశాడు.

"ఏందిది? ఎవరు చేసిండ్రు?"

ఐదో తరగతి పిల్లలందరూ ఒక్కసారే లేచారు. భయంతో కాదు. మెచ్చుకుంటాడని. ముందున్న పిల్ల చేతులు కట్టుకొని గట్టిగా చెప్పింది. "మేమే సార్! రెండు సార్లు రుద్దినం. మంచిగ ఆరబెట్టినం కూడా."

సారు మొహం చూసి ఆ పిల్ల చేతులు మెల్లగా కిందికి జారాయి. ఆయన మేడం వైపు తిరిగాడు. "అడివిల ఉన్నోళ్లకు గివన్నీ ఎందుకని నేను ముందే అన్న. మందకు అద్దం ఇస్తే ఏం చేస్తది? గిట్లనే చేస్తది."

మంద అన్నాడు. నా చెవులతో విన్నాను. గరిటె చేతిలోనే ఉంది, అట్లాగే లోపలికి పోయాను.

"సారూ, అది బోర్డని మీరే చెప్పిండ్రు. బోర్డుకు ఏం చేస్తరో పిల్లలు గదే చేసిండ్రు. తప్పేంది?"

"ఈమె ఎవరు?"

"వంట చేస్తది సార్," అంది మేడం, వినపడీ వినపడనట్టు.

"వంట చేసేదానివి వంట చేస్కో పో."

"వంట అయింది. కూసోని తిను. తిన్నంక మా ఒకటో తరగతి పోరగాళ్లతోని అ రాపియ్యి. ఒక్కలకు గూడ రాదు. మేం అడివోళ్లం గాబట్టి రాలేదా, మీరు గోడ మూసిండ్రు గాబట్టి రాలేదా, గప్పుడు చెప్పు."

ఆయన తినలేదు, రాయించలేదు. బయటికి పోయి ఫోన్‌లో ఎవరితోనో అరిచి జీపు ఎక్కాడు. పిల్లలు తడిగుడ్డతో అద్దం తుడిచారు. బొమ్మ వచ్చింది గానీ, అంచుల్లోకి పసరు పోయి తాకితే పలకడం మానేసింది. ఆ వారంలోనే మేడంకు మెమో వచ్చింది. ఆమె నా పాకలో పీట మీద కూర్చొని ఏడ్చింది.

"ఉద్యోగం పోతే ఎట్ల పెద్దమ్మా?"

నేను ఓదార్చలేదు. "నీ ఉద్యోగం ఏంది? పిల్లలతోని రాపిచ్చుడే గద. అది పోయి శానా దినాలైంది," అన్నాను. కటువుగానే అన్నాను. ఆమె కళ్లు తుడుచుకొని స్కూటీ ఎక్కి పోయింది.

బాగు చెయ్యడానికని వ్యాను మనిషి వచ్చి అద్దాన్ని విప్పుకొని పోయాడు. గోడ బయటపడింది. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. మిర్చి పనికి పోనివాళ్లందరూ వచ్చారు. తూట్లను మట్టితో పూడ్చి, పసరూ బొగ్గూ రుద్ది, ఆ పూటే నలుపు తేల్చాం. మేడం మర్నాడు వచ్చి గోడను చూసి, ఆరిందో లేదో అరచెయ్యి పెట్టి చూసుకుంది. తర్వాత అలమర తాళం తీసింది.

ఉగాది దగ్గర పడుతుండగా ఆ మనిషి మళ్లీ వచ్చాడు, అద్దంతో. మళ్లీ అదే గోడ దగ్గరికి నడిచాడు. ఆడవాళ్లం మేం ముందే పోయి గోడకు వీపులు ఆనించి కూర్చున్నాం.

"అమ్మా, జరుగుండ్రి. నాకింకా శానా బడులున్నయ్."

"మాకు ఒక్కటే ఉంది తమ్మీ," అంది పక్కింటి వదిన.

"ఫోటోల గిట్లనే..."

"మమ్మల్ని కూడా ఫోటో తియ్యి. మేం మంచిగనే ఉంటం. నేను జడేసుకొని వచ్చిన చూడు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ మనిషి పెద్ద సారుకు ఫోన్ కలిపి మేడంకు ఇచ్చాడు. ఫోన్‌లోంచి అరుపులు మాకు వినపడుతున్నాయి. మేడం చాలాసేపు వింది. తర్వాత చెప్పింది. "సార్, పక్కగోడకే పెట్టిస్తున్న. నేనే పెట్టిస్తున్న. ఇంకో మెమో ఇస్తే ఇయ్యండి." ఫోన్ తిరిగిచ్చి సుద్దముక్క తీసుకొని మా తలల మీదుగా చెయ్యి చాపి అ రాయడం మొదలుపెట్టింది. సుద్దపొడి మా నెత్తిన పడింది.

ఇప్పుడు అద్దం పక్కగోడకు ఉంది. కిటికీ ఒక రెక్క మూయాల్సి వచ్చింది. కరెంటు ఉన్నప్పుడు పిల్లలు అటు తిరిగి చూస్తారు, నేనూ చూస్తాను. నాకు దానిమీద పగ లేదు.

కానీ ఒక ఏడాది పోయింది. నా మనవరాలు రెండో తరగతికి వచ్చింది, అక్షరాలు రాకపోయినా ఎవరినీ ఆపరు కదా. సంచిలో రెండో తరగతి పుస్తకం పెట్టుకొని పోతుంది, అక్షరాలు దిద్దడానికి ఒకటో తరగతి వరసలో కూర్చుంటుంది. "అక్కా, గింత పెద్దగున్నవ్, మా దగ్గరెందుకు కూసున్నవ్?" అని చిన్నపిల్లలు అడుగుతున్నారట. మా పిల్లల్ని మంద అన్న మనిషి వేరే చోటికి పోయాడని విన్నాను. ఈ పిల్ల వాళ్లకు ఏం జవాబు చెప్పాలో ఆయనను ఎవరూ అడగలేదు.

నిన్న అది ఇంటికి వచ్చి సంచిని గోడకేసి కొట్టింది. పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. తిట్టబోయి ఊరుకున్నాను. దాని కోపం దానికి ఉండనీ అనుకున్నాను.