కుప్పం నీళ్ళూ, నా సగం గడ్డమూ

మా పాప పుట్టినప్పటి నుంచి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. అత్తగారింటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ చూశారు. ఆ వెంటనే ఎవరో శుభోదయం గులాబీ పంపి నా ప్రశ్నను పైకి నెట్టేశారు. పెళ్ళిళ్ళలో అడిగాను. మా మామ కంటి ఆపరేషన్ చేయించుకుని కదలకుండా పడుకున్నప్పుడు కూడా అడిగాను. ఆయన రెండో కన్ను కూడా మూసుకున్నాడు. అందుకే ఇక మీ ముందు పెడుతున్నాను. ఒక మనిషి ముఖం పదిమందిలో రెండు ముక్కలైన వైనం ఇది. నవ్వితే నవ్వండి గానీ, చివరిదాకా ఉండి న్యాయం చెప్పండి.

మాది మదనపల్లె. టమోటా మండీలో పని. గడ్డం విషయంలో నేను సబ్బు మనిషిని. స్టీలు గిన్నెలో గుండ్రటి గడ్డం సబ్బు, దాని మీద తడి బ్రష్షు గిరగిరా తిప్పడం, మా వీధి కొళాయి నీళ్ళకు నురగ పెళ్ళివారి పాయసంలా పొంగడం. మగవాడి ఉదయం అంటే అదీ. క్రీము సంగతంటారా, గొట్టంలోంచి పిండుకునేది పళ్ళకు పెట్టుకోవాలి గానీ చెంపలకు కాదని నా సిద్ధాంతం.

మా మామకు కుప్పం బజారులో ఫ్యాన్సీ దుకాణం. ఆయన క్రీము మనిషి. పెళ్ళిలో నాకు పెట్టిన సామాన్లలో క్రీము గొట్టం కనబడితే పందిట్లోనే తిరిగి ఇచ్చేశాను. ఆయన నవ్వి జేబులో వేసుకున్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

తరువాత నా భార్యకు నెల తప్పింది. భార్య కడుపుతో ఉన్నన్నాళ్ళూ మగవాడు క్షౌరం చేసుకోకూడదని మా ఇంట్లో పట్టింపు. గడ్డం పెరిగింది. పెరిగి, విస్తరించి, బొత్తాలు దాటింది. బస్సు కండక్టర్లు స్వామీ అని పిలిచి కిటికీ పక్క సీటు చూపించేవారు. టమోటా రైతులు ధర అడగడం మానేసి వాన ఎప్పుడు పడుతుందని అడిగేవారు.

కుప్పంలో పాప పుట్టింది. పురుటి శుద్ధి రోజున నేను గడ్డం తీయాలి, పాపను ఉయ్యాల్లో వేసి పేరు పెట్టాలి. చిక్కల్లా ఆ పేరుతోనే వచ్చింది. నన్ను పెంచిన మా అవ్వ పేరు వెంకటలక్షుమ్మ. ఆ పేరే పెట్టాలని నా పట్టు. మామ మాత్రం లోహిత అన్నాడు. ముసలాయనకు కొత్త పేరు, కుర్రవాడికి పాత పేరు. మా ఇద్దరి మధ్య ఏదీ సవ్యంగా ఉండదు. ఫోనులో వాదించి వాదించి, చివరకు ఆయన ఒక మాట అన్నాడు.

"అల్లుడా, ఆ పొద్దు ఇద్దరమూ పక్కపక్కన కూసుందాము. నువ్వు నీ సబ్బుతో, నేను నా కిరీముతో. ఎవురు నున్నగా గీసుకోని ముందు ఉయ్యాల కాడికి వస్తే వాళ్ళు చెప్పిందే పేరు."

"నీది ఒక్క పొద్దు గడ్డము. నాది అడివి. ఇదేం న్యాయం మామా?"

"కత్తెరతో కొట్టించుకోని రా. నేను కూడా ముందుగా మొదులుపెట్టనులే. నీకు ఒక చెంప అయినాకనే నా బ్రష్షు తడుపుతాను. చాలునా?"

చాలు అనేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. కత్తెర కూడా వద్దన్నాను. అడవిని కత్తెరతో కొట్టించాక ఇక సబ్బు గొప్పతనం ఏముందని అప్పట్లో నా తర్కం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారు. నేను పట్టిన కుందేలుకు కాళ్ళే లేవు, గడ్డం మాత్రం ఉంది.

శుద్ధికి కుప్పం బయలుదేరాను. పుంగనూరులో మా అక్క అదే బస్సెక్కింది. పాప చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్తే కదా. నా సంచిలో సబ్బు గిన్నె చూసి పెదవి విరిచింది. కుప్పంలో అత్తగారింటి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని, అక్కడ తలంటుకుంటే కుంకుడు రసమే నురగదని, ఒక గొట్టం కొనుక్కోమని చెప్పింది. పలమనేరు దాటి వి.కోట వచ్చేదాకా చెబుతూనే ఉంది. నేను నిద్ర నటించాను.

పెరట్లో రెండు స్టూళ్ళు, రెండు అద్దాలు, చుట్టూ బంధువులు. ఎవరో ఫోనులో వీడియో మొదలుపెట్టారు. అత్త రెండు చెంబుల్లో నీళ్ళు తెచ్చి, ఒకటి ఆయన ముందు, ఒకటి నా ముందు పెట్టింది. ఈ రెండు చెంబులను మీరు గుర్తుంచుకోవాలి. నేను మరవలేదు.

బ్రష్షు ముంచి సబ్బు మీద తిప్పాను. నురగ రాలేదు. మళ్ళీ తిప్పాను. విరిగిన పాలలా తెల్లటి తునకలు తేలాయి. చేయి నొప్పి పుట్టేదాకా తిప్పాను. గిన్నెలో రాగి సంగటి కలిపినా ఆపాటికి ముద్ద అయ్యేది.

"ఇవి ఉప్పునీళ్ళు. సబ్బు తప్పేమీ లేదు" అన్నాను.

అక్క బంధువుల వైపు తిరిగింది. "ఆడలేనమ్మ మద్దెల ఓడనిందంట. మావాడు నురగ తీయలేక నీళ్ళు ఉప్పంటాండాడు."

ఆ తునకలే పూసుకుని కుడి చెంప గీయడం మొదలుపెట్టాను. ఎండిన చెరకు చెక్కినట్టు చప్పుడు. బ్లేడు రెండడుగులు నడిచి ఒకడుగు వెనక్కి వేస్తోంది. రక్తం వచ్చిన ప్రతిచోటా పటిక రుద్దాను. ఎట్టకేలకు ఒక చెంప కనబడింది, వడగళ్ళు పడిన టమోటాలాగా.

అప్పుడు మామ తీరిగ్గా బ్రష్షు తడిపాడు. గొట్టం నుంచి శనగగింజంత క్రీము పిండాడు. నాలుగు తిప్పులకు ఆయన ముఖం తెల్ల మబ్బయిపోయింది. నేను గొంతు కింద పోరాడుతుండగానే ఆయన ముఖం కడుక్కుని తువ్వాలు కోసం చేయి చాచాడు. ఆ తరువాత చేసిన పనే నన్ను చంపింది. గొట్టం నా వైపు చాపాడు.

"పందెం అయిపోయిందిలే అల్లుడా. ఇంత పూసుకో, ఆ చెంప కూడా అయిపోతాది."

అందరూ చూస్తున్నారు, వీడియో నడుస్తోంది. కుర్ర రక్తం. అందులో కొంత అప్పటికే బయట ఉంది. "సగం గడ్డంతోనే కూసుంటాను గానీ ఆ గొట్టం నా చెంపకు తగలనీను" అనేశాను.

నా మీద జాలిపడి ఎవరైనా బతిమాలతారనుకున్నాను. సరేనన్నారు.

పూజకు కూర్చోమని పిలుస్తూ పంతులు తండ్రి ఎక్కడని అడిగాడు.

"సగం ఈడ ఉండాడు స్వామీ. మిగిలిన సగం పెరట్లో అలిగి ఉండాడు" అంది అక్క.

అలా కుడివైపు అల్లుడిగా, ఎడమవైపు సన్యాసిగా పీటల మీద కూర్చున్నాను. నా భార్య నవ్వు ఆపుకోలేక పాప పక్కగుడ్డలో ముఖం దాచుకుంది. నా సొంత అక్క, నా తోడబుట్టింది, వంగి పాప చెవిలో లోహిత అని చెప్పింది. తరువాత నిలదీస్తే, పందెం పందెమేరా అని లడ్డు కొరికింది.

భోజనాలయ్యాక వంటింట్లోకి వెళ్ళాను. తాగే నీళ్ళ క్యాను మూత తీసి ఉంది. పక్కన ఆ రెండు చెంబుల్లో ఒకటి బోర్లించి ఉంది.

"అత్తా, నాకు బోరు నీళ్ళు ఇచ్చినావు. మామకు యే నీళ్ళు ఇచ్చినావు?"

"కాఫీ తాగప్పా, చల్లారిపోతాది" అంది.

అంతే. ఆ రోజు నుంచి నేను ఎప్పుడు అడిగినా కాఫీ వస్తుంది, జవాబు రాదు.

నిజం తేల్చుకోవాలని ఒకసారి కుప్పం బోరు నీళ్ళు సీసాలో పట్టి మదనపల్లె తెచ్చాను. ఎవరూ చూడకుండా ఒక క్రీము గొట్టం కొని పరీక్షించాను. ఆ నీళ్ళలో క్రీము బాగానే నురిగింది. అయితే దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. అంతదూరం బస్సు కుదుపులకు నీళ్ళలోనే నురగ పుట్టి ఉంటుంది. మిగిలిన గొట్టం పారేయడం ఎందుకని వాడేశాను. ఆ తరువాత కొన్నవి కూడా పారేయడం ఎందుకని వాడుతున్నాను.

మొన్న లోహిత గోడ మీద తన పేరు పెట్టిన నాటి ఫొటో చూసి నా సగం గడ్డం కథ అడిగింది. అవ్వ పేరుతో సహా అంతా చెప్పాను. నా కూతురు కదా, నా పక్షం అనుకున్నాను. అది ఫొటో వైపు వేలు చూపి, "తాత కిరీము మంచి పని చేసింది నాన్నా. లేకుంటే బళ్ళో నన్ను ఎంకటలచ్చుమ్మా అని పిలుస్తాండ్రి" అంది. తల్లి పోలిక.

కనుక గోడ మీది సగం గడ్డం సాక్షిగా శపథం చేస్తున్నాను. ప్రాణం ఉండగా మరొకరి ఊరి నీళ్ళతో సబ్బు నురగ తీయను. కత్తెరను చిన్నచూపు చూడను. బిడ్డ పేరును గడ్డం మీద పందెం కాయను. ఇంకో బిడ్డ లేదు కాబట్టి ఈ చివరిది కచ్చితంగా పాటిస్తాను.

పేరు పోతే పోయింది. బాగానే ఉంది, నేనే రోజుకు పదిసార్లు పిలుస్తున్నాను. కానీ ప్రశ్న ప్రశ్నే. అత్తా, ఇది నీకు ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. ఆ పొద్దు మామ చెంబులో పోసిన నీళ్ళు యాడివి? ఈసారి కాఫీ వద్దు. జవాబు కావాలి.